విద్యుత్ కారుకు ఇంట్లో చార్జింగ్: మెయిన్ బోర్డును సిద్ధం చేసుకోవడం

పాఠం 12

12.1 పరిచయం

ఓమ్ నియమాన్నీ, విద్యుత్ ప్రవాహం వల్ల తీగలో వేడి పుట్టడాన్నీ కిందటి పాఠంలో చదివారు. ఇంట్లో ఫ్యూజు, ఎం.సి.బి. ఎందుకు పెడతారో కూడా తెలుసుకున్నారు. ఆ విషయాలన్నీ ఒకేచోట అక్కరకు వచ్చే సందర్భం ఇప్పుడు చాలా ఇళ్లకు వస్తోంది. అది విద్యుత్ కారు కొనడం.

కారు ఇంటికి వచ్చిన రోజున చాలామంది, గీజరు కోసమో ఇస్త్రీపెట్టె కోసమో బిగించిన పవర్ ప్లగ్‌లోనే చార్జరు తగిలిస్తారు. కారు చార్జ్ అవుతుంది కాబట్టి అంతా సవ్యంగా ఉందనిపిస్తుంది. కాని గోడలోని తీగ, ప్లగ్ వెనుక ఉన్న స్క్రూలు, మీటరు దగ్గరి పాత ఫ్యూజు ఆ భారాన్ని రాత్రంతా మోయగలవో లేదో అప్పటికి ఎవరూ చూసి ఉండరు. కొన్నాళ్లకు ఎం.సి.బి. మాటిమాటికీ పడిపోతుంది. అప్పుడు దాని స్థానంలో ఇంకాస్త పెద్దది వేయిస్తారు. ఇది మొదటి పనికంటే ప్రమాదకరం. ఎందుకు ప్రమాదకరమో ఈ పాఠంలో లెక్కలు వేసి తెలుసుకుందాం.

12.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:

• కారు చార్జింగ్‌కూ ఇంట్లోని ఇతర లోడ్లకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• మీ అవసరానికి ఎంత సామర్థ్యం గల చార్జరు చాలునో లెక్కకట్టగలుగుతారు.
• చార్జరు, ఎం.సి.బి., తీగ ఒకదానికొకటి సరిపోతాయో లేదో చెప్పగలుగుతారు.
• ఎర్తింగ్, ఆర్.సి.సి.బి. ఎందుకు తప్పనిసరో కారణాలు చెప్పగలుగుతారు.
• ఎలక్ట్రీషియన్ చేత ఏ పనులు చేయించాలో, విద్యుత్ సంస్థకు ఏమి తెలపాలో వరుసగా రాయగలుగుతారు.

12.3 గీజరుకూ కారుకూ తేడా

మన ఇళ్లకు 230 వోల్టుల సరఫరా వస్తుంది. 2000 వాట్ల గీజరు ఎంత కరెంటు తీసుకుంటుందో చూద్దాం.

2000 ÷ 230 = 8.7 ఆంపియర్లు

చిన్న విద్యుత్ కార్లలో సాధారణంగా ఉండే చార్జింగ్ సామర్థ్యం 3.3 కిలోవాట్లు, అంటే 3300 వాట్లు.

3300 ÷ 230 = 14.3 ఆంపియర్లు

ఈ రెండు అంకెలు చూసి తేడా రెండింతలు కూడా లేదు కదా అనుకోవచ్చు. కాని తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని మీకు తెలుసు. 14.3 ని 8.7 తో భాగించి వర్గం చేస్తే సుమారు 2.7 వస్తుంది. అంటే అదే తీగలో గీజరు వల్ల పుట్టే వేడికి 2.7 రెట్లు వేడి కారు వల్ల పుడుతుంది.

రెండో తేడా కాలానికి సంబంధించింది. గీజరు కాసేపు వెలిగి, నీళ్లు కాగగానే థర్మోస్టాట్ వల్ల ఆగిపోతుంది. ఈలోగా తీగ చల్లారుతుంది. ఇస్త్రీపెట్టె, మిక్సీ కూడా అంతే. కారు అలా కాదు. ఖాళీ బ్యాటరీ నిండేదాకా ఏడెనిమిది గంటలు విరామం లేకుండా దాదాపు పూర్తి కరెంటు తీసుకుంటుంది. గోడలోని తీగకు చల్లారే వ్యవధి దొరకదు. కనుక గీజరుకు పదేళ్లు పనిచేసిన ప్లగ్ కారుకు పది రోజులైనా పనిచేస్తుందని చెప్పలేం.

12.4 మీకు ఎంత వేగం కావాలి?

బోర్డు సంగతి చూసేముందు అవసరమెంతో లెక్కకట్టాలి. మీరు రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. చార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి ఒక యూనిట్‌కు, అంటే ఒక కిలోవాట్-గంటకు, కారు 6 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం.

రోజుకు కావలసిన విద్యుత్తు: 40 ÷ 6 = 6.7 యూనిట్లు
3.3 కిలోవాట్ల చార్జరుకు పట్టే సమయం: 6.7 ÷ 3.3 = సుమారు 2 గంటలు

అంటే రాత్రి మీరు నిద్రపోయే సమయంలో మూడోవంతు కూడా అక్కర్లేదు. ఇలాంటి ఇంటికి 7.2 కిలోవాట్ల చార్జరు అవసరం లేదు. రోజూ నూటయాభై, రెండువందల కిలోమీటర్లు తిరిగేవారికి, ఒకే ఇంట్లో రెండు కార్లు ఉన్నవారికి అది ఉపయోగం.

ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి. ఇంట్లోని ఏ.సి. కరెంటును బ్యాటరీకి పనికివచ్చే డి.సి.గా మార్చే అసలు చార్జరు కారులోపలే ఉంటుంది. గోడకు బిగించే పెట్టె కరెంటును భద్రంగా కారుకు అందించే సాధనం మాత్రమే. ఉదాహరణకు టాటా సంస్థ 2022లో విడుదల చేసిన టియాగో ఈ.వి. కారును 3.3 కిలోవాట్ల చార్జింగ్‌తోనూ, 7.2 కిలోవాట్ల చార్జింగ్‌తోనూ అమ్మింది. 3.3 కిలోవాట్లే తీసుకునే కారుకు 7.2 కిలోవాట్ల గోడ పెట్టె పెట్టినా అది 3.3 కిలోవాట్లే తీసుకుంటుంది. కనుక ముందు మీ కారు పుస్తకం చూడండి. గోడ పెట్టె ఎంచుకోవడం ఆ తర్వాతి పని.

పాఠ్యగత ప్రశ్నలు 12.1

1. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగే కారుకు, యూనిట్‌కు 6 కిలోమీటర్ల లెక్కన, 3.3 కిలోవాట్ల చార్జరుతో ఎన్ని గంటలు పడుతుంది?
2. 7.2 కిలోవాట్ల చార్జరు 230 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది?
3. గీజరు ప్లగ్‌ను కారుకు వాడకూడదనడానికి రెండు కారణాలు రాయండి.

12.5 కరెంటు వచ్చే దారి

వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కారుదాకా కరెంటు ఈ వరుసలో వస్తుంది: స్తంభం, సర్వీసు వైరు, మీటరు, మెయిన్ స్విచ్, మెయిన్ బోర్డు, ఎం.సి.బి., గోడలోని తీగ, సాకెట్ లేక గోడ చార్జరు. మెయిన్ బోర్డునే ఎలక్ట్రీషియన్లు డి.బి. అంటారు. ఈ దారిలో అన్నిటికంటే తక్కువ కరెంటును మోయగల భాగం ఏదో, ఇల్లంతా మోయగలిగేది కూడా అంతే. బోర్డు ఒక్కటే కొత్తదిగా మార్చి, దానికి ముందున్న సర్వీసు వైరునూ వెనకున్న తీగనూ అలాగే వదిలేస్తే ప్రయోజనం లేదు.

పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజు కటౌట్లు ఇంకా కనిపిస్తాయి. ఫ్యూజు పోయినప్పుడల్లా చేతికి దొరికిన తీగ ముక్కను చుట్టడం మన దగ్గర ఉన్న అలవాటే. అలాంటి ఫ్యూజు ఎన్ని ఆంపియర్ల దగ్గర కరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కొన్ని పాత ఇళ్లలో అల్యూమినియం తీగలు కూడా ఉన్నాయి. వాటి అతుకులు కాలక్రమంలో వదులవుతాయి. ఈ రెండింటిలో ఏది ఉన్నా, కారు కొనకముందే ఆ భాగాన్ని మార్పించాలి.

12.6 మూడు అంకెల వరుస

ఈ పాఠానికి ఆయువుపట్టు ఈ సూత్రం:

లోడు తీసుకునే కరెంటు కంటే ఎం.సి.బి. రేటింగు ఎక్కువగా ఉండాలి. ఎం.సి.బి. రేటింగు కంటే తీగ మోయగల కరెంటు ఎక్కువగా ఉండాలి.

ఎం.సి.బి. కారును కాపాడడానికి పెట్టింది కాదు. అది గోడలోని తీగను కాపాడుతుంది. తీగ మోయగలిగినదానికంటే పెద్ద ఎం.సి.బి. పెడితే, కాపలావాడిని నిద్రపుచ్చినట్టే.

పి.వి.సి. తొడుగు గల రాగి తీగలు గోడ మీది గొట్టంలో వెళ్లినప్పుడు మోయగల కరెంటును ఈ పట్టిక చూపుతుంది. ఎండ పెరిగినకొద్దీ తీగ మోయగల కరెంటు తగ్గుతుంది. మన వేసవులను దృష్టిలో ఉంచుకొని 40 డిగ్రీల గడినే చూడడం మంచిది. అంకెలన్నీ సుమారుగా ఇచ్చినవి.

తీగ మందం (చదరపు మి.మీ.): 30 డిగ్రీల వద్ద / 40 డిగ్రీల వద్ద

1.5: 17.5 ఆంపియర్లు / 15 ఆంపియర్లు
2.5: 24 ఆంపియర్లు / 21 ఆంపియర్లు
4: 32 ఆంపియర్లు / 28 ఆంపియర్లు
6: 41 ఆంపియర్లు / 36 ఆంపియర్లు
10: 57 ఆంపియర్లు / 50 ఆంపియర్లు

ఒకే గొట్టంలో ఇంకా ఎక్కువ తీగలు దూర్చితే ఈ అంకెలు మరింత తగ్గుతాయి.

ఉదాహరణ 1: 3.3 కిలోవాట్ల గోడ చార్జరు. లోడు 14.3, ఎం.సి.బి. 20, తీగ 4 చ.మి.మీ. (28). వరుస 14.3, 20, 28. సరిగా ఉంది. ఒకవేళ 16 ఆంపియర్ల సాకెట్ ద్వారా చార్జ్ చేస్తే, సాకెట్ మోయగలిగేది 16 కనుక ఎం.సి.బి. కూడా 16 దాటకూడదు.

ఉదాహరణ 2: 7.2 కిలోవాట్ల చార్జరు. లోడు 31.3, ఎం.సి.బి. 40. తీగ 6 చ.మి.మీ. అయితే వేసవిలో మోయగలిగేది 36. వరుస 31.3, 40, 36. ఇక్కడ ఎం.సి.బి. తీగను మించిపోయింది. 10 చ.మి.మీ. తీగ వేస్తే 31.3, 40, 50 అవుతుంది. ఇది సరైన వరుస.

ఉదాహరణ 3: 2.5 చ.మి.మీ. తీగ ఉన్న పాత ప్లగ్‌కు 16 ఆంపియర్ల ఎం.సి.బి. పడిపోతోందని 32 ఆంపియర్లది వేశారు. అదే తీగ మీద ఇంకో లోడు కూడా పడి 30 ఆంపియర్లు పారితే తీగ కాగుతుంది, తొడుగు మెత్తబడుతుంది. ఎం.సి.బి. మాత్రం పడదు, ఎందుకంటే దాని దృష్టిలో 30 ఆంపియర్లు తప్పు కాదు. ఇంట్లో మంటలకు దారితీసే పొరపాటు ఇదే.

కాబట్టి కారుకు మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక తీగ వేయించాలి. ఆ తీగ మీద ఇంకే ప్లగ్గూ, లైటూ ఉండకూడదు.

12.7 వదులు స్క్రూ చేసే పని

తీగ సరైనదే, ఎం.సి.బి. సరైనదే. అయినా ప్లగ్ కాలిపోవచ్చు. దానికి కారణం వదులైన బిగింపు. సాకెట్ వెనుక స్క్రూ సరిగా బిగించకపోతే అక్కడ 0.1 ఓము నిరోధం ఏర్పడిందనుకుందాం. 16 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి:

16 × 16 × 0.1 = 25.6 వాట్లు

రేడియో మెకానిక్ వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ సామర్థ్యం 25 వాట్లు. సీసాన్ని కరిగించే ఆ పరికరాన్ని ప్లాస్టిక్ సాకెట్ లోపల పెట్టి తెల్లవార్లూ వెలిగించినట్టు ఊహించండి. వదులు స్క్రూ చేసేది అదే. కరెంటు మామూలుగానే పారుతుంది కనుక ఎం.సి.బి.కి ఇది తెలియదు.

అందుచేత మంచి నాణ్యత గల పారిశ్రామిక రకం సాకెట్ గాని, గోడకు నేరుగా కలిపే చార్జరు గాని వాడాలి. మొదటి వారంలో చార్జింగ్ మొదలైన గంట తర్వాత ప్లగ్ పైభాగాన్ని అరచేత్తో తాకి చూడండి. గోరువెచ్చన పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడి, గోధుమరంగు మరక, కాలిన వాసన, చిటపట చప్పుడు – వీటిలో ఏది ఉన్నా ప్లగ్‌ను ముట్టుకోకుండా మెయిన్ బోర్డు దగ్గర ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే ఇలాంటి బిగింపులు రెండింతలవుతాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2019లో భద్రతా నిబంధనలను సవరించి, చార్జింగ్ కేంద్రాల్లో ఎక్స్‌టెన్షన్ తీగ వాడరాదని, సాకెట్ నేలకు కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలని చెప్పింది. వాననీళ్లు చేరే సెల్లార్లు ఉన్న అపార్టుమెంట్లకు ఈ ఎత్తు నియమం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

12.8 ఎర్తింగ్, ఆర్.సి.సి.బి.

కారు పెద్ద లోహపు వస్తువు. రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. తడినేల మీద వట్టికాళ్లతో నిలబడి దాన్ని తాకేది మనం. చార్జింగ్ తీగలో లోపం వచ్చి ఫేజు కారు బాడీకి తగిలితే ఏమవుతుంది?

ఎర్త్ సరిగా ఉంటే కరెంటు భూమిలోకి పోతుంది. ఆ దారి మొత్తం నిరోధం 10 ఓములు అనుకుందాం.

230 ÷ 10 = 23 ఆంపియర్లు

కారు ఎం.సి.బి. 20 ఆంపియర్లది. 23 అనేది 20కి 1.15 రెట్లు. ప్రమాణాల ప్రకారం ఎం.సి.బి. రేటింగుకు 1.45 రెట్లు కరెంటు వస్తే గంటలోపు పడిపోవాలి. 1.15 రెట్లకు గంట గడిచినా పడకపోవచ్చు. అంతసేపూ కారు బాడీ మీద ప్రాణాంతకమైన వోల్టేజి ఉండవచ్చు. ఎర్త్ ఉంది, ఎం.సి.బి. ఉంది, అయినా రక్షణ లేదు.

ఈ లోటును తీర్చేది ఆర్.సి.సి.బి. ఫేజులో వెళ్లిన కరెంటూ, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటూ సమానమా కాదా అని అది చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడోవంతు కంటే తక్కువ వ్యవధిలో రెండు తీగలనూ తెంపేస్తుంది. కారు చార్జరు డి.సి. తయారుచేస్తుంది కనుక, లీకేజీలో డి.సి. కలిస్తే మామూలు 'ఎ.సి.' రకం ఆర్.సి.సి.బి. మొద్దుబారే అవకాశం ఉంది. అందుకే పైన చెప్పిన 2019 సవరణ కనీసం 'ఎ' రకం, 30 మిల్లీ ఆంపియర్లకు మించనిది ఉండాలంటుంది. డి.సి. లీకేజీని పసిగట్టే ఏర్పాటు గోడ చార్జరులోనే ఉందో లేదో అడగండి. లేకపోతే 'బి' రకం పెట్టించాలి.

ఆర్.సి.సి.బి. అధిక లోడు నుంచి కాపాడదు. ఎం.సి.బి. లీకేజీ నుంచి కాపాడదు. రెండూ కావాలి. ఆర్.సి.సి.బి. మీద ఉండే టెస్ట్ మీటను నెలకోసారి నొక్కి, అది పడుతోందో లేదో మీరే చూసుకోవచ్చు.

పాఠ్యగత ప్రశ్నలు 12.2

1. 4 చ.మి.మీ. తీగకు 32 ఆంపియర్ల ఎం.సి.బి. పెట్టవచ్చునా? 40 డిగ్రీల గడి చూసి చెప్పండి.
2. ఒక బిగింపు దగ్గర 0.05 ఓము నిరోధం ఉంది. 14 ఆంపియర్లు పారితే ఎన్ని వాట్ల వేడి పుడుతుంది?
3. ఆర్.సి.సి.బి. దేన్ని పోల్చి చూస్తుంది?

12.9 విద్యుత్ సంస్థకు ఎందుకు చెప్పాలి?

మీ కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు అనే అంకె ఉంటుంది. విద్యుత్ సంస్థ మీకు మంజూరు చేసిన సామర్థ్యం అది. ఒక ఇంటి లెక్క చూద్దాం. కాంట్రాక్టెడ్ లోడు 3 కిలోవాట్లు. రాత్రి 12 గంటలకు వాడకం ఇలా ఉంది:

ఏ.సి.: 1.5 కిలోవాట్లు
ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు: 0.4 కిలోవాట్లు
కారు: 3.3 కిలోవాట్లు
మొత్తం: 5.2 కిలోవాట్లు, అంటే 22.6 ఆంపియర్లు

తెల్లవారుజామున కారు ఇంకా చార్జ్ అవుతుండగానే 2 కిలోవాట్ల గీజరు వేస్తే 7.2 కిలోవాట్లు, 31.3 ఆంపియర్లు అవుతుంది. చార్జింగ్‌ను టైమరుతో నాలుగింటికే ఆపేస్తే ఆ భారం పడదు. ఈ ఇంటికి 6 కిలోవాట్ల మంజూరు, టైమరు సరిపోతాయి. ఇంట్లోని వాట్లన్నీ కూడి అంత లోడు అడగనవసరం లేదు. ఏ సమయంలో ఏవి కలిసి నడుస్తాయో రాసుకొని, అందులో పెద్ద అంకెను తీసుకోవాలి.

ఇది మీ ఒక్క ఇంటి లెక్క కాదు. 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వీధిలో అయిదు ఇళ్లు ఒకేసారి కార్లు చార్జ్ చేస్తే అదనంగా 16.5 కిలోవాట్లు పడతాయి. చెప్పకుండా వాడితే ట్రాన్స్‌ఫార్మర్ చాలదన్న సంగతి అది కాలిపోయేదాకా తెలియదు. అప్పుడు వీధంతా చీకట్లో ఉంటుంది.

మూడు ఫేజుల కనెక్షన్ ఉన్నా సింగిల్ ఫేజు చార్జరు భారమంతా ఒక్క ఫేజు మీదే పడుతుంది. ఏ.సి., గీజరు లేని ఫేజుకు కారును కలపమని అడగండి. కారుకు విడిగా కనెక్షన్ కోరే వీలు కూడా ఉంది. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నియమాలను సవరించి ఈ వీలు కల్పించింది. మీ రాష్ట్రంలో విద్యుత్ వాహనాలకు వేరే టారిఫ్ ఉంటే రెండింటి ఖర్చూ పోల్చి చూసుకొని నిర్ణయించుకోండి.

12.10 పని చేయించే వరుస

1. కారు చార్జింగ్ సామర్థ్యం, రోజువారీ ప్రయాణం రాసుకోండి.
2. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు, ఫేజుల సంఖ్య చూడండి.
3. లైసెన్సు గల ఎలక్ట్రికల్ కాంట్రాక్టరును పిలిచి సర్వీసు వైరు, మెయిన్ స్విచ్, బోర్డు, ఎర్త్ పరీక్ష చేయించండి. ఎర్త్ నిరోధం ఎన్ని ఓములో కొలిచి కాగితం మీద రాసి ఇమ్మనండి.
4. లోడు పెంచమని విద్యుత్ సంస్థకు దరఖాస్తు చేయండి. అపార్టుమెంటు అయితే సంఘం అనుమతి కూడా తీసుకోండి.
5. విడి తీగ, విడి ఎం.సి.బి., ఆర్.సి.సి.బి., విడి ఎర్త్ తీగ వేయించండి.
6. పని అయ్యాక మెగ్గరుతో తీగల ఇన్సులేషన్ పరీక్ష చేయించండి. బోర్డులో కారు ఎం.సి.బి. పక్కన 'కారు' అని రాయించండి.

గమనిక: అంకెలు చూడడం, ప్రశ్నలు అడగడం, టెస్ట్ మీట నొక్కడం మీ పనులు. బోర్డు మూత విప్పడం మీ పని కాదు. మెయిన్ స్విచ్ ఆపినా, దాని పైభాగానికి వచ్చే తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది.

12.11 మీరు ఏమి నేర్చుకున్నారు?

• కారు చార్జింగ్ గంటల తరబడి ఆగకుండా సాగే లోడు. కరెంటు పెరిగితే వేడి దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది.
• చాలా ఇళ్లకు 3.3 కిలోవాట్ల చార్జింగ్, రాత్రి సమయం సరిపోతాయి.
• లోడు, ఎం.సి.బి., తీగ ఈ వరుసలో పెరుగుతూ పోవాలి. పడిపోతున్న ఎం.సి.బి. ఒక హెచ్చరిక. తీగ సంగతి చూడకుండా దాన్ని పెద్దది చేయకూడదు.
• వదులు బిగింపును ఎం.సి.బి. పసిగట్టలేదు. లీకేజీ నుంచి ప్రాణాన్ని కాపాడేది ఎర్త్‌తో కూడిన ఆర్.సి.సి.బి.
• లోడు పెంపును విద్యుత్ సంస్థకు తెలపడం మీకూ మీ వీధికీ మేలు.

12.12 పాఠాంత ప్రశ్నలు

1. ఎం.సి.బి., ఆర్.సి.సి.బి.ల మధ్య తేడాలను ఉదాహరణలతో వివరించండి.
2. మీ ఇంట్లో రాత్రి 11 గంటలకు నడిచే పరికరాల వాట్లు రాసి, 3.3 కిలోవాట్ల కారును కలిపి మొత్తం ఆంపియర్లు లెక్కకట్టండి. మీ కాంట్రాక్టెడ్ లోడుతో పోల్చండి.
3. "ఎం.సి.బి. పడిపోతోంది, పెద్దది వేయించండి" అని మీ పొరుగువారికి ఎవరో సలహా ఇచ్చారు. మీరు వారికి ఏమి చెబుతారు? కారణాలతో రాయండి.

12.13 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

12.1
1. 60 ÷ 6 = 10 యూనిట్లు; 10 ÷ 3.3 = సుమారు 3 గంటలు.
2. 7200 ÷ 230 = 31.3 ఆంపియర్లు.
3. కారు ఎక్కువ కరెంటు తీసుకోవడం వల్ల వేడి చాలా పెరుగుతుంది. అది గంటల తరబడి ఆగకుండా సాగుతుంది.

12.2
1. పెట్టకూడదు. 40 డిగ్రీల వద్ద ఆ తీగ మోయగలిగేది 28 ఆంపియర్లే.
2. 14 × 14 × 0.05 = 9.8 వాట్లు.
3. ఫేజులో వెళ్లే కరెంటునూ, న్యూట్రల్‌లో తిరిగి వచ్చే కరెంటునూ.